రింగ్ సినిమా: జపాన్‌ది వెయ్యాలా, అమెరికాది వెయ్యాలా?

బైరాగిపట్టెడ సీను

అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ తీర్చండి. శనివారం రాత్రి మా రూమ్ మిద్దె మీద ప్రొజెక్టర్ పెట్టి దయ్యం సినిమా వేద్దామనుకున్నాం. ప్రొజెక్టర్ మా ఫ్రెండు వాళ్ల మామ ట్యూషన్ సెంటర్‌ది, ఆ ఒక్క రాత్రికే ఇస్తాడు. రింగ్ వేద్దామంటే అందరూ సరే అన్నారు. ఏ రింగ్ అనేసరికి గొడవ మొదలైంది.

నేను చూసింది 2002లో వచ్చిన అమెరికాది. అది కూడా మదనపల్లి బస్సులో, ఫోన్‌లో, పక్కసీటు పెద్దాయన తొంగి చూస్తుంటే. 1998లో వచ్చిన జపాన్‌ది మా రూమ్‌లో ఒకడే చూశాడు. వాడు "అమెరికావాళ్లు దాన్ని చెడగొట్టారు" అంటాడు, ఎక్కడ చెడగొట్టారో మాత్రం చెప్పడు. ఇంకొకడికి సబ్‌టైటిల్స్ అంటేనే పడదు, "చదవాలా, భయపడాలా, ఏదో ఒకటి చెప్పండి" అంటాడు. మిగతా ఇద్దరూ రెండూ చూడలేదు.

రెండూ చూసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. కథ బయటపెట్టినా పర్లేదు, చూడనివాళ్లకు ఈ పేజీ చూపించను. గ్రడ్జ్, డార్క్ వాటర్ లాంటివి కూడా జపాన్ నుంచి అమెరికా తెచ్చుకున్నవేనట కదా, అవి ఎలా ఉంటాయి?

గ్రీమ్స్‌పేట కుమార్

అమెరికాది వేసెయ్ తమ్ముడూ. జపాన్ దాంట్లో చాలాసేపు ఫోన్లు మాట్లాడుకోవడం, కాగితాలు తిరగేయడమే. ఇక్కడ పడవ మీద గుర్రం బెదిరి సముద్రంలోకి దూకే సీను ఒక్కటి చాలు, మీ సబ్‌టైటిల్స్ ఫ్రెండు కూడా నోరు మూసుకుని చూస్తాడు. హీరోయిన్ నయోమీ వాట్స్ యాక్టింగ్ అదనం.

పాత క్యాసెట్ (చిత్తూరు)

గుర్రం సీను గురించి కుమార్‌తో నాకు పేచీ లేదు. జపాన్ సినిమాలో అది లేనే లేదు, అమెరికా డైరెక్టర్ గోర్ వెర్బిన్‌స్కీ సినిమాలో కొత్తగా వచ్చింది. గొప్ప సీను. కానీ సినిమా అంటే ఒక్క సీను కాదు కదా.

నేను చిత్తూరులో వీడియో లైబ్రరీ నడిపినవాణ్ణి. ఇప్పుడు అదే గదిలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నాను. అందుకని నాకు ఈ సినిమాలో ముందు కనపడేది దయ్యం కాదు, క్యాసెట్టు. చూసినవాణ్ణి వారంలో చంపే క్యాసెట్టు కదా, అందులో ఏముందో రెండు సినిమాలవీ పక్కపక్కన పెట్టి చూడు. తేడా అక్కడే దొరుకుతుంది.

జపాన్ టేపులో ఒకావిడ అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటుంది. అక్షరాలు పురుగుల్లా కదులుతాయి. జనం నేలమీద వంకరటింకరగా పాకుతారు. తలమీద తెల్లగుడ్డ కప్పుకున్న మనిషి ఒకడు ఎటో వేలు చూపిస్తాడు. ఒక కన్ను, చివర్లో ఒక బావి. అంతే. ఎవరు తీశారో, ఎందుకు తీశారో అర్థం కాదు. నా షాపుకు తిరిగొచ్చే క్యాసెట్లలో ఇలాంటివి చాలా చూశాను. పెళ్లి వీడియో మీద సినిమా ఎక్కించి ఉంటారు, సినిమా మీద క్రికెట్, రెండింటి మధ్య ఎవరిదో ఇంటి వసారా కాసేపు కనిపించి పోతుంది. అందులో ఒక ముసలామె కెమెరా వైపు చూస్తూ ఉంటుంది. ఆమె ఎవరో కస్టమర్‌కూ తెలీదు. రాత్రి షాపు మూసే ముందు టేపులు చెక్ చేసేటప్పుడు అలాంటిది వస్తే, నిజం చెప్తున్నా, లైటు వేసుకుని కూర్చునేవాణ్ణి. జపాన్ టేపు అచ్చం అలా ఉంటుంది, పారేసిన టేపులో మిగిలిపోయిన ముక్క లాగా.

అమెరికా టేపు బాగా తీశారు. నా కంప్లయింటు అదే. నిచ్చెన, మండే చెట్టు, వేలిగోరులోకి దిగే మేకు, ఈగ, గుర్రాలు, అన్నీ ఒకదానికొకటి అతికినట్టు కటింగ్. పైగా అందులో కనపడినవి చాలావరకు తర్వాత కథలో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఇదిగో లైట్‌హౌస్, ఇదిగో గుర్రాల కొట్టం, ఇదిగో ఆ చెట్టు. హీరోయిన్ టేపును మెషీన్‌లో పెట్టి, బొమ్మను సర్దే ట్రాకింగ్ తిప్పి, ఫ్రేము అంచున దాగిన లైట్‌హౌస్‌ను బయటికి లాగే సీను ఒకటుంది. రిపేరువాడిగా ఆ సీనంటే నాకు ముచ్చట. కానీ లెక్క తేలేకొద్దీ భయం తగ్గుతుంది. జపాన్ దాంట్లో ఆ వేలు చూపించే మనిషి ఎవరో సినిమా తిన్నగా చెప్పదు. చివర్లో ఒక్కసారి టీవీ అద్దంలో నీడలా కనిపించి, హీరోయిన్ రేకో సంచిలో ఉన్న కాపీ క్యాసెట్టు వైపు వేలు పెడతాడు. టేపు కాపీ తీసి ఇంకొకరికి చూపించినందుకే తను బతికిందని ఆమెకు అప్పుడు అర్థమవుతుంది. మనకు ఆ మనిషెవరో అప్పటికీ తెలీదు.

ఇంకో మాట. రేకో టేపు చూశాక వచ్చే ఫోన్‌లో మాట ఉండదు, చెవులు కోసే కీచుచప్పుడే. "ఏడు రోజులు" అని గుసగుసగా చెప్పేది అమెరికా ఫోను. వాళ్లకు ప్రతిదీ నోటితో చెప్తేనే తృప్తి.

టీవీలోంచి బయటికొచ్చే సీను గురించి చెప్పకపోతే తప్పు. జపాన్ దయ్యం సడాకోగా వేసిన రియే ఇనో, వాళ్ల సంప్రదాయ కబుకి నాటకంలో శిక్షణ తీసుకున్న మనిషి. ఆమెను వెనక్కి నడిపించి షూట్ చేసి, ఆ ఫిల్మును తిరగేసి చూపించారు. అందుకే ఆ నడకలో కాలు ఎప్పుడు పడుతుందో మన కంటికి అంతుచిక్కదు. గ్రాఫిక్స్ మీద ఆధారపడిన సీను కాదు. జుట్టు వెనక ముఖం చివరిదాకా చూపించరు, ఒక్క కన్ను చూపిస్తారు. ఆ కన్ను కూడా యూనిట్‌లో పనిచేసే ఒక మగవాడిది, రెప్పల వెంట్రుకలు పీకేసి తీశారు. అమెరికా దయ్యం సమారా అలా కాదు, టీవీ చుక్కల్లా గిలగిలలాడుతూ వచ్చి, కుళ్లిన ముఖం పూర్తిగా చూపిస్తుంది. మేకప్ చేయించింది రిక్ బేకర్ లాంటి ఉద్దండుడితో. బాగుంది. కానీ ముఖం చూసేశాక నాకు మేకప్ గుర్తొస్తుంది.

నిడివి చూడు. జపాన్‌ది గంటన్నర మీద కొంచెం, అమెరికాది రెండు గంటలకు దగ్గర. ఆ ఎక్కువైన టైమంతా సమారా ఎవరు, ఎక్కడ పెరిగింది, ఏ ఆస్పత్రిలో పెట్టారు, గుర్రాలు ఎందుకు చచ్చాయి అని తవ్వడానికే ఖర్చయింది. జపాన్‌వాళ్లూ తవ్వారు, కాకపోతే వాళ్ల దగ్గర అసలు సరుకు ఉంది. 1910లో తోమోకిచి ఫుకురాయ్ అనే ప్రొఫెసర్, మిఫునే చిజుకో అనే ఆమెకు దివ్యదృష్టి ఉందని పండితుల ముందు పరీక్షలు పెట్టాడు. మోసమని అల్లరి చేశారు, మరుసటి ఏడాది ఆమె ఆత్మహత్య చేసుకుంది. సినిమాలో సడాకో తల్లి కథ ఆ నీడలోదే. కోజీ సుజుకీ 1991లో రాసిన నవల దీనికి మూలం.

అమెరికాదాన్ని మొత్తంగా తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. వెర్బిన్‌స్కీ జపాన్ సినిమాను మొదటిసారి చూసింది కాపీకి కాపీ తీసి, దానికి మళ్లీ కాపీ తీసిన టేపులోనట, ఆయనే చెప్పాడు. ఆ మసక బొమ్మే ఆయనకు నచ్చింది. సినిమాలో ఆ పచ్చనీలం రంగు, ఆగని వాన, గడ్డకట్టినట్టుండే ఇళ్లు, ఇవి అక్కడినుంచే వచ్చాయని నా అనుమానం. టేపు కాపీ చేసినకొద్దీ రంగులు ఒకదాని మీదికొకటి పాకుతాయి, అంచులు కరిగిపోతాయి. రింగ్ శాపం కూడా కాపీ చేస్తేనే బతుకుతుంది. పెన్‌డ్రైవ్ తరానికి ఈ సంగతి చెప్తే అర్థం కాదు, వాళ్ల కాపీ ఎన్నోదైనా మొదటిదానిలాగే ఉంటుంది. క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లు ఆఖరిదాకా చేసిన కంపెనీ కూడా జపాన్‌దే, ఫునాయ్. 2016లో ఆపేశారు.

పుత్తూరు అక్క

పాత క్యాసెట్ గారు టేపు పట్టుకుని మొదలుపెట్టారు కాబట్టి నేను బావి పట్టుకుంటాను.

అమెరికా సినిమాలో బావి ఒక వింత వస్తువు, చెక్క గది నేల కింద దాచిపెట్టింది. జపాన్‌దాంట్లోనూ గది కిందే ఉంటుంది, కానీ వాళ్లకు బావిలోని ఆడమనిషి అంటే చిన్నప్పటి నుంచి విన్న కథ. హిమేజీ కోటలో ఓకికు బావి అని ఇప్పటికీ చూపిస్తారు. పనిమనిషి ఓకికును చంపి బావిలో పడేశారని, రాత్రుళ్లు ఆమె పళ్లాలు లెక్కపెట్టే గొంతు వినిపిస్తుందని చెప్తారు. మా ఊళ్లో కూడా దిగుడు బావి ఒకటి ఉండేది. అందులో పడి పోయినావిడ పేరు ఇంట్లో ఎవరూ పైకి ఎత్తరు. మా అమ్మమ్మ ఆ దారిన పోతే కొంగు తలమీదికి లాక్కునేది. జపాన్ సినిమా చూసినప్పుడు నాకు అందులో కొత్తగా అనిపించింది ఏమీ లేదు, అందుకే ఎక్కువ భయపడ్డాను.

మన దగ్గర కోపంతో పోయిన ఆడమనిషిని ఏం చేస్తాం? పేరంటాలని గుడి కడతాం, చీర పెడతాం, పొంగలి పెడతాం. జపాన్‌లోనూ ఇంతే. సుగవారా మిచిజానే అనే మంత్రిని అన్యాయంగా వెళ్లగొడితే 903లో దూరంగా ఎక్కడో పోయాడు. తర్వాత రాజభవనం మీద పిడుగు పడితే ఆయన కోపమే అనుకుని, తెంజిన్ అని దేవుణ్ణి చేసి కొలిచారు. పిల్లలు పరీక్షలకు ముందు ఇప్పుడు ఆయనకే మొక్కుకుంటారు. అంటే సినిమాకు వచ్చిన జపాన్ ప్రేక్షకులకు తెలిసిన లెక్క ఏంటంటే, శవం దొరికితే, కర్మ జరిపిస్తే, ఆత్మ శాంతిస్తుంది. రేకో బావిలోకి దిగి, ఆ ఎముకలను గుండెకు హత్తుకుని కూర్చుంటుంది. అక్కడ మనం ఊపిరి వదులుతాం. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో దొర వేషం నాడు, అమ్మవారి చేతిలో దుష్టుడు పాలెగాడి కథ ముగుస్తుంది కదా, ఊరంతా ఊరట చెందుతుంది. సడాకోకు అలాంటి రోజు రాదు. మరుసటి రోజే రేకో మాజీ భర్త ర్యూజీ ఇంట్లో టీవీ వెలుగుతుంది. శాంతి చేశాక కూడా ఆగని కోపం, అది నాకు అసలైన భయం.

అమెరికాలోనూ కథ ఇదే మలుపు తిరుగుతుంది, కానీ అక్కడ దెబ్బ వేరేచోట తగులుతుంది. వాళ్ల హీరోయిన్ జర్నలిస్టు, కేసు తేల్చింది, నిజం బయటపెట్టింది, కాబట్టి అయిపోయింది అనుకుంటుంది. కొడుకు "ఆమెకు సాయం చేశావా?" అని కంగారుపడతాడు. నిజం తెలిస్తే సమస్య తీరుతుందన్న నమ్మకం అక్కడ విరుగుతుంది. ఇది తక్కువేం కాదు. మన గుండెలకు దగ్గరగా తగలదు, అంతే.

ఆ పిల్లవాడు సినిమా అంతా తల్లిని పేరు పెట్టి "రేచెల్" అని పిలుస్తాడు చూశారా? మా అత్తగారు పక్కన కూర్చుని చూస్తూ దయ్యానికి ఉలకలేదు కానీ దీనికి ఉలిక్కిపడ్డారు. "ఆ బిడ్డకే ఏదో పట్టింది" అన్నారు. జపాన్ పిల్లవాడు యోయిచి మాట్లాడేది తక్కువ. తల్లి ఇంటికొచ్చేసరికి తన పని తాను చేసుకుంటూ ఉంటాడు, చూస్తే జాలేస్తుంది. చివర్లో రేకో, టేపు చూసేసిన కొడుకు కోసం దాన్ని తీసుకుని బయలుదేరేది సొంత తండ్రి దగ్గరికి. మనవడు బతకాలంటే తాత చూడాలి. అమెరికాలో "దీన్ని చూసినవాళ్ల సంగతేంటి?" అని కొడుకు అడిగితే తల్లి జవాబు చెప్పదు. జపాన్ తల్లి జవాబు కారు నడపడంలోనే ఉంది. ఆ చివరి సీను నాలాంటి తల్లులకు నిద్ర పట్టనివ్వదు.

బైరాగిపట్టెడ సీను

అక్కా, ఇంత ఆలోచించలేదు నేను. మా అమ్మకు చూపిస్తే మా తాత ఇంటికి నన్ను పంపదేమో. సరే, మరి గ్రడ్జ్? అది కూడా అంతేనా?

పాత క్యాసెట్ (చిత్తూరు)

గ్రడ్జ్ సంగతి విచిత్రం. జపాన్‌లో జు-ఆన్ తీసిన తకాషి షిమిజునే 2004లో అమెరికా వాళ్లకూ తీశాడు. కథ టోక్యోలోనే. దయ్యం కాయకోగా వేసింది కూడా అదే తకాకో ఫుజీ, పిల్లి గొంతుతో అరిచే పిల్లవాడు కూడా వాడే. నిర్మాణంలో హాలీవుడ్ డైరెక్టర్ సామ్ రైమీ చెయ్యి ఉంది. అదే వంటవాడు, అదే గిన్నె, అదే మసాలా, కూర మాత్రం వేరేగా వచ్చింది.

ఎందుకంటే జపాన్ 2002 సినిమాలో మధ్యలో నిలబడే హీరోయిన్ గట్టిగా లేదు. ఒక్కొక్కరి పేరు తెరమీద వేసి, వాళ్ల ముక్క చెప్పి, వాళ్లను మింగేసి ముందుకు పోతుంది. ముందు జరిగింది తర్వాత చూపిస్తుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టడమే నేరం, మంచివాడా చెడ్డవాడా అన్న విచారణ లేదు. అమెరికాది సారా మిషెల్ గెల్లర్ చుట్టూ తిప్పారు. పరాయి ఊళ్లో భాష సరిగా రాని అమ్మాయి, ఆ ఒంటరితనం కొంతవరకు పనికొచ్చింది, ఒప్పుకోవాలి. కానీ ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆమె చేత తవ్వించి వివరించేశారు. వివరించిన దయ్యం సగం దయ్యమే. డబ్బులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

అన్నిటికంటే పాపం కైరో అనే జపాన్ సినిమాది. 2001లో కియోషి కురొసావా తీశాడు. ఇంటర్నెట్‌లోంచి దయ్యాలు వస్తాయి, నిజమే, కానీ అవి ఎవరి పీకా పిసకవు. ఒకామె చీకటి గదిలో నెమ్మదిగా నడుచుకుంటూ వస్తుంది, మధ్యలో కాలు తడబడి, సర్దుకుని మళ్లీ నడుస్తుంది. అంతే సీను. కుర్చీలో కూర్చున్న నేను కాళ్లు పైకి తీసుకున్నాను. ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చున్న మనుషులు ఒక్కొక్కరే గోడమీద మరకలై పోతారు. 2006లో అమెరికావాళ్లు దీన్ని పల్స్ అని తీసి, సిగ్నల్ లేని చోటికి పారిపోతే బతుకుతారన్న కథ చేశారు. ఒంటరితనం గురించి తీసిన సినిమాకు టవర్ లేని ఊరు మందు అయింది. అది మాత్రం వెయ్యొద్దు సీనూ, ప్రొజెక్టర్ బల్బు దండగ.

గ్రీమ్స్‌పేట కుమార్

ఒకటి అడుగుతా. మీ మిద్దె మీద వాటర్ ట్యాంకు ఉందా సీనూ?

బైరాగిపట్టెడ సీను

ఉంది అన్నా, నల్లది. దాని పక్కనే ప్రొజెక్టర్ పెట్టేది. ఎందుకు?

గ్రీమ్స్‌పేట కుమార్

అయితే డార్క్ వాటర్ వెయ్యి. 2002 జపాన్‌ది. పై ఫ్లాటు నుంచి నీళ్లు కారుతుంటాయి, తప్పిపోయిన పాప ఎక్కడుందో చివరికి మిద్దె మీద ట్యాంకులో తెలుస్తుంది. మీ వాళ్లు వారం రోజులు స్నానం చెయ్యరు.

పుత్తూరు అక్క

కుమార్, పిల్లల్ని అలా భయపెట్టకు. కానీ సినిమా మాత్రం మంచి మాట చెప్పావు. రింగ్ తీసిన హిడియో నకాతాదే, కథ మళ్లీ సుజుకీదే. విడాకుల కేసు నడుస్తున్న తల్లి, కూతురిని తన దగ్గరే ఉంచుకోవడానికి పడే పాట్లు, దాని మీద కారే ఆ నీళ్లు. 2005 అమెరికాది వాల్టర్ సాలెస్ తీశాడు, జెన్నిఫర్ కానెలీ చేసింది. న్యూయార్క్‌లో రూజ్‌వెల్ట్ ఐలాండ్ అపార్టుమెంట్లలో కథ. ఈ రీమేకుల్లో నటన వరకూ నాకు ఇదే నచ్చింది. ఆమె ముఖంలో అలసట నిజం. కానీ చివర్లో లిఫ్టులో తల్లి ఆత్మ కూతురి జడ అల్లుతుంది, ఓదార్పుగా. జపాన్‌దాంట్లో పదేళ్ల తర్వాత పెద్దదైన కూతురు పాత ఇంటికొస్తుంది, తల్లి కనిపిస్తుంది, కలిసి ఉందామంటే కుదరదు. అమెరికా ముగింపు ఏడిపించి పంపుతుంది, జపాన్ ముగింపు ఏడవనివ్వదు కూడా.

బైరాగిపట్టెడ సీను

ట్యాంకు పక్కన ఆ సినిమా వద్దే వద్దు, నేనే రాత్రి మోటారు వెయ్యడానికి పోవాలి. ఓటు వేస్తే జపాన్ రింగ్‌కే వచ్చింది, సబ్‌టైటిల్స్ వాడు కూడా అక్క రాసింది విని ఒప్పుకున్నాడు (చదివి వినిపించాను, చివరి భాగం వదిలేసి). మిద్దె మీద వేసేద్దామా మరి?

పాత క్యాసెట్ (చిత్తూరు)

మిద్దె మీద వద్దు. శనివారం రాత్రి తిరుపతిలో నిశ్శబ్దం ఎక్కడిది? కొండకు పోయే బస్సుల హారన్లు, పక్క వీధి కల్యాణ మండపం మైకు. మిద్దె మీదైతే అమెరికాదే మేలు, దాని సౌండు వీటన్నిటినీ తట్టుకుంటుంది. జపాన్‌ది చప్పుడు లేని చోటే పనిచేస్తుంది. కెంజీ కవాయ్ సంగీతం చాలాచోట్ల సంగీతంలా కూడా ఉండదు, ఎక్కడో ఇనుము రాసుకున్నట్టు సన్నగా వినిపిస్తుంది. హారన్ పడితే అది పోయింది. రూమ్‌లో, తలుపు వేసుకుని, కిటికీలకు చాప కట్టుకుని చూడండి.

బైరాగిపట్టెడ సీను

రూమ్‌లో గోడ ఆకుపచ్చ రంగు అన్నా. పైగా క్యాలెండర్ మేకులు.

పాత క్యాసెట్ (చిత్తూరు)

తెల్ల దుప్పటి కట్టు. ముందు ఇస్త్రీ చేయించు, మడతలుంటే ఆ కన్ను సీనులో గీత పడుతుంది. ఫ్యాను ఆపెయ్, దుప్పటి ఊగకూడదు, చప్పుడూ ఉండకూడదు. ఉక్కపోస్తుందంటారు, గంటన్నరే కదా, ఓర్చుకోమను. రూమ్‌లో పాత డబ్బా టీవీ ఉంటే దాన్ని మాత్రం ముందే వరండాలో పెట్టెయ్, లేదంటే ఆ ఇద్దరూ సినిమా మానేసి దానివైపే చూస్తుంటారు.